నేను మింగిన క్యూ

1982 ఫిబ్రవరి 5, శుక్రవారం, మధ్యాహ్నం మూడున్నర. కిరందుల్ ఇనుప ఖనిజం గని టౌన్‌షిప్ క్లబ్బు హాల్లో రిహార్సలు మొదలైన సమయం అది. నా డైరీలో రాసి ఉంది. నేను విజయనగరం నుంచి బుక్ అయి వెళ్ళిన రంగస్థల నటిని. అప్పటికి ముప్పై ఆరేళ్ళు, వృత్తిలో పద్దెనిమిదేళ్ళు. ఔత్సాహిక సమాజాల్లో మగవాళ్ళు తమలో తాము వేషాలు పంచుకుని, ఆడవేషాలకు మాలాంటి వాళ్ళను బయటి నుంచి పిలిచేవారు. ఒక్క రిహార్సలు చూసుకుని, మర్నాడు ఆడి, ఆ మర్నాడు రైలెక్కేవాళ్ళం.

నాటకం ఒక కుటుంబ కథ. నాది తల్లి వేషం. అందులో కూతురు ఎవరితోనూ మాట్లాడదు. మనుషులొస్తే లోపలి గదిలోకి పోతుంది. చివరి రంగంలో తల్లి "నీకు నోరు లేదా తల్లీ?" అని అడిగినప్పుడు మాత్రం పద్నాలుగు వాక్యాలు ఆపకుండా చెబుతుంది. ఆ వేషానికి కుదిరిన అమ్మాయి నేను వచ్చిన మర్నాటి బండి ఎక్కింది. అరకు అవతల కొండదారిలో పట్టాల మీద బండరాళ్ళు పడటంతో అక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపోయింది.

దర్శకుడు సత్యంగారు గనిలో ఖనిజం తవ్వే షవల్ యంత్రం ఆపరేటరు. ఫస్టు షిఫ్టు దిగి ఎర్రదుమ్ము బట్టలతోనే వచ్చారు. వెంట ఒక పిల్లను తీసుకొచ్చారు. పేరు రత్నమేరి, పందొమ్మిదేళ్ళు, రైల్వే గ్యాంగు మేస్త్రీ కూతురు. చేతిరాత బాగుంటుందని పార్టులన్నీ ఆమె చేతే రాయించారట. పార్టు అంటే ఒక్కో నటుడికీ ఇచ్చే నోటుబుక్కు. అందులో అతని మాటలూ, వాటికి ముందు ఎదుటివాళ్ళు అనే చివరి మాటా మాత్రమే ఉంటాయి. ఆ చివరి మాటే క్యూ. అన్నీ రాసింది గనుక నాటకమంతా ఆమెకు నోటికొచ్చు. నలుగురిలో మాత్రం తలెత్తదు.

"ఒలే గుంటా, గట్టిగాడే. మెషీన్ల కాడ పనిసేసినోళ్ళం, మాకు సగం సెవుడే," అన్నారు సత్యంగారు.

"బొమ్మకి సీర కట్టీసి నిలబెట్టినా ఇంతేనండి," అని ప్రాంప్టరు అప్పలరాజు నవ్వాడు. టైమాఫీసు గుమాస్తా, పక్క తెర వెనక కూర్చుని నటుల కంటే అరక్షణం ముందు మాట అందించడం అతని పని.

నేర్పమని ఆమెను నాకు అప్పగించారు. పక్కకు తీసుకెళ్తే, నా వైపు చూడకుండానే అంది: "అక్కగారూ, మా నాయిన రేపు డ్యూటీ మార్పించుకుని వస్తన్నాడండి. ఇంట్లో ఇంత పొడుగు మాట నానెప్పుడూ ఆడనేదు. ఒక్కసారి ఆయన ఇంటే సాలండి."

నేర్పడానికి నాకేమీ మిగల్లేదు. చివరి రంగం వచ్చేసరికి ఆ పిల్ల గొంతు పెంచలేదు, చేతులు కదపలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ పద్నాలుగు వాక్యాలూ చెప్పింది. హార్మోనియం ఆయన తిత్తి మీద చెయ్యి ఆపేశాడు. అప్పలరాజు పుస్తకం ఒళ్ళో పెట్టేసుకున్నాడు. పద్దెనిమిదేళ్ళలో నా మాటలకు ఏ ప్రాంప్టరూ పుస్తకం దించలేదు. ఆ సాయంత్రం టీ గ్లాసు ముందు ఆమెకు అందింది, తరవాత నాకు. ఇది చిన్న విషయమని నాకు తెలుసు. అయినా డైరీలో రాసుకున్నాను.

మర్నాడు ఆరో తారీకు, సాయంత్రం ఆరున్నరకు తెర లేచింది. రెండో వరసలో ఆమె తండ్రి ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. మొదటి రంగాల్లో ఆమె మౌనంగా తిరుగుతుంటే జనం కళ్ళు ఆమె వెంటే పోయాయి. నేను ఏడుస్తున్నప్పుడు కూడా.

చివరి రంగం వచ్చింది. "నీకు నోరు లేదా తల్లీ?" అని నేను అడగాలి. అప్పలరాజు అందించాడు. నాకు స్పష్టంగా వినిపించింది. ఆ మాట వదిలేసి, ఆమె పద్నాలుగు వాక్యాల తరవాత రావలసిన నా మాట అన్నాను: "పొద్దుపోయింది, తలుపు మూసి రా." మా వృత్తిలో దీన్ని క్యూ మింగడం అంటారు. మరిచిపోయి మింగేవాళ్ళుంటారు. నేను మరిచిపోలేదు. వేదిక మీద నటి ఎటు దూకితే ప్రాంప్టరు అటే పోవాలి; అప్పలరాజు పేజీ తిప్పేశాడు.

రత్నమేరి పెదవులు తెరిచింది. నా ముఖం చూసింది. పెదవులు మూసుకుని, వెళ్ళి తలుపు మూసింది.

నాటకం ఆగలేదు. జనానికి తేడా తెలియలేదు. శాలువా నాకు కప్పారు. తెర వెనక అప్పలరాజు "మీరు తిప్పీసినారు, నాను మీ ఎనకే తిప్పినాను," అన్నాడు.

ఆదివారం ఉదయం తండ్రీకూతుళ్ళు స్టేషనుకు వచ్చి నా ట్రంకు పెట్టెను రైలుపెట్టెలోకి ఎక్కించారు. "నాదే తప్పక్కగారూ," అంది ఆమె. "నాను అందుకోనేకపోనాను. మీరు కాసుకోబట్టి ఆట ఆగనేదు." తండ్రి తలూపాడు. పర్వాలేదమ్మా అన్నాను. నిజం చెప్పడానికి రైలు కదిలేదాకా పదకొండు నిమిషాల వ్యవధి ఉంది.

మరుసటి ఏడాది అదే క్లబ్బు నన్ను మళ్ళీ పిలిచింది. పార్టు రత్నమేరి చేతిరాతలోనే వచ్చింది. వేషం ఇస్తామంటే ఆమె ఒప్పుకోలేదని చెప్పారు.

తరవాత చాలామంది కొత్తవాళ్ళకు పని నేర్పాను. అందరికీ మొదట చెప్పింది ఒకటే: క్యూ పలికేవాళ్ళది కాదు, అందుకునేవాళ్ళది. ఎందుకు చెబుతున్నానో ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు పోయినవి: పద్నాలుగు వాక్యాలు, సుమారు నిమిషన్నర, ఒక తండ్రి మార్పించుకున్న డ్యూటీ, ఒక నటి.