ముఖం వచ్చింది, వేళ్లు రాలేదు

కెమెరా బాబాయి పొద్దున్నే స్టూడియో తలుపు తీయగానే మెత్తటి గుడ్డతో లెన్సు తుడిచేవాడు. తరువాత తల వంచి, "స్వామీ, ఈ పూట నా చేతిలో ఎవరి ముఖమూ పాడవనివ్వకు" అని వేడుకునేవాడు. టీ గ్లాసు ముట్టుకునేది ఆ తరువాతే.

"ముఖాలు సరే, మిగతా ఒళ్లు ఎవరు చూసుకోవాలి?" అని భార్య ఆటపట్టించేది.

"ముఖం బాగుంటే జనం మిగతావన్నీ మరిచిపోతారే" అనేవాడు.

మంచి మనిషి. వయసైనవాళ్లు వస్తే కెమెరా పక్కన పెట్టేసి, ముందు మంచినీళ్లిచ్చి, ఫ్యాను వాళ్లవైపు తిప్పి, బెరుకు తీరేదాకా కబుర్లు చెప్పేవాడు. అందుకే వెనక వీధి దర్జీ అమ్మ కూతురు తిన్నగా ఆయన దగ్గరికే వచ్చింది.

దర్జీ అమ్మకు పుట్టు చెవుడు, మాట రాదు. బడి ముఖం చూడలేదు. తల్లీకూతుళ్లు తమకు తామే చేతుల భాష ఒకటి అల్లుకున్నారు. ఆకలి, అలక, వేళాకోళం అన్నీ వేళ్లలోనే. అది ఇంకెవరికీ రాదు. ఈ మధ్య ఆమె చేతులు వణకడం మొదలైంది. మందు వేసుకున్న కాసేపు నిలుస్తాయి, మళ్లీ మామూలే. రానురాను వేళ్లు బిగుసుకుపోతాయని డాక్టరు చెప్పేశాడు.

"నాకు నెలలు నిండుతున్నాయి బాబాయ్. పుట్టేవాళ్లకి అమ్మమ్మ మాట దక్కాలి. నేను చేసి చూపిస్తే అది నా మాటవుతుంది గానీ అమ్మది కాదుగా. ఫోన్లో పంపేలా వీడియో తీసిపెట్టు."

బాబాయి మనసు పెట్టి తీశాడు. ముడత ముడతా కనిపించాలని రిజల్యూషన్ అన్నిటికన్నా పెద్దది పెట్టాడు. ఫైలు ఫోనులో పట్టాలి కదా అని, సెకనుకు తీసే బొమ్మలు, అదే ఫ్రేములు, బాగా తగ్గించి, ఫైలును కుదించే కంప్రెషన్ గట్టిగా బిగించాడు. కుర్చీలో కూర్చున్న మనిషి, మాటా లేదు పాటా లేదు, ఇది చాలనుకున్నాడు. దర్జీ అమ్మ, తన కూతురు పసితనంలో తొలిసారి చేత్తో తనను పిలిచిన కథ చెప్పింది. చెబుతూ నవ్వింది, కళ్లు తుడుచుకుంది. ఆయన కెమెరా తెరలో ఆ ముఖమే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు వాళ్లింట్లో టీవీకి తగిలించి చూశారు. ముఖం అద్దంలో ఉన్నట్టుంది. కూతురు ముందుకు వంగింది.

"బాబాయ్, ఇక్కడ అమ్మ ఏమంది?"

"నన్నడుగుతావేంటి తల్లీ?"

"నాకే తెలియట్లేదు. చెయ్యి ఇక్కడుంది, ఉన్నట్టుండి అక్కడుంది. మధ్యలో మాటేమైంది? అమ్మకి నత్తి వచ్చినట్టుంది."

బాబాయి టీవీ దగ్గరికి జరిగి చూశాడు. వేళ్లు కదిలిన చోటల్లా పొగలాంటి మసక. తీయకుండా వదిలేసిన ఫ్రేముల్ని ఇప్పుడెక్కడినుంచి తెస్తాడు?

అంతకన్నా ఘోరం పక్కనే జరిగింది. దర్జీ అమ్మ తెర చూసింది, తన చేతులు చూసుకుంది, మెల్లగా వాటిని దుప్పటి కింద దాచేసింది. తన మాట అప్పుడే పోయిందనుకుంది. తప్పు కెమెరాదని కూతురు ఎంత చెప్పినా, ఓదారుస్తోందనుకుని ముఖం తిప్పుకుంది. మళ్లీ కూర్చోనంది. ఆ రోజంతా కూతురితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటికొచ్చి బాబాయి అన్నం ముందు ఊరికే కూర్చున్నాడు. భార్య సంగతంతా విని, ఈసారి ఆటపట్టించలేదు.

"ఆవిడకి నోరు చేతుల్లోనే ఉంది కదండీ. రేపు వాటికోసం కూడా ఒక మాట మొక్కుకోండి" అంది. చల్లారిన అన్నం వెచ్చజేసి మళ్లీ పెట్టింది.

పొద్దున లెన్సు తుడిచి, ముఖాలతోపాటు చేతుల్నీ తలుచుకుని, కెమెరా భుజానేసుకుని వెళ్లాడు. దర్జీ అమ్మ అటు తిరిగి పడుకుని ఉంది. ఆయన బలవంతపెట్టలేదు. పాత లెక్కలోనే కెమెరా పెట్టి, దాని ముందు తన చేతులే ఆడించాడు. టీవీలో వేసి, ఆమె భుజం తట్టమని కూతురికి సైగ చేశాడు. వణుకన్నది ఎరగని ఆయన వేళ్లు కూడా తెర మీద పొగే. దర్జీ అమ్మ లేచి కూర్చుంది.

అప్పుడు కిటికీ తెర పూర్తిగా లాగి వెలుతురు రానిచ్చాడు. రిజల్యూషన్ ఒక మెట్టు దించాడు, ఫ్రేములు పెంచాడు, షట్టరు వేగం చేశాడు, కంప్రెషన్ వదులు చేశాడు. మళ్లీ తన చేతులు ఆడించి చూపించాడు. ఈసారి గోళ్లతో సహా కనిపించాయి.

దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. టీవీకేసి చూపించి ఏదో అంది. కూతురికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

"ఏమంటోందమ్మా?"

"నువ్వు చేతులాడిస్తుంటే ఈగలు తోలుతున్నట్టుందట బాబాయ్."

"తోలుకుంటానులే" అన్నాడు. దర్జీ అమ్మ మందు వేసుకుని కాసేపైంది. దుప్పటి మీదున్న వేళ్ల కొసల్లో వణుకు మళ్లీ మొదలవుతోంది. ఈసారి తప్పితే ఇంకెన్నిసార్లు కూర్చోగలదో ఆ దేవుడికే తెలియాలి.

కెమెరా మీట నొక్కకుండానే వచ్చి, ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు.

"తల్లీ, అమ్మకి చెప్పు. మొన్న తీసినప్పుడు నాకు ముఖం తప్ప ఇంకేం తెలియలేదు. చేతుల మాట పాడైందో బాగుందో చూసుకోలేకపోయాను. తీసే ముందు నాకొక్క సాయం చేయమను. ఆ కథలో నువ్వు మొట్టమొదట ఆమెని పిలిచిన పిలుపు, అదొక్కటి నాకు నేర్పమను. తెరలో అది నేను చదవగలిగితేనే సరిగ్గా వచ్చినట్టు."