మైకులో పడిన ఎరుపు గుట్టు

మొన్న ఆదోనిలో నా గుట్టు నేనే రట్టు చేసుకుంటినప్పా! అదీ కాలేజీ హాల్లో, మైకు పట్టుకోని. ఎవురూ అడగలేదు కూడా.

మాది ఎమ్మిగనూరు. చిరివేరు ఉడకబెట్టి మగ్గం నూలుకు ఎరుపు ఎక్కిస్తాను. నా ఎరుపు మాదిరి ఎరుపు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. గొప్పకు చెప్తాండేది కాదు, ఉన్న మాట. మా తోటికోడలు నాగమ్మ కూడా వేస్తాది. దాన్నీ ఎరుపే అంటారు, జనాలు మంచోళ్లు పాపం. మా అత్త పోయే ముందర కిటుకు నా చెవిలో చెప్పి, "నీకొక్కదానికే ఈరమ్మా" అనింది. నాగమ్మేమో తనకే చెప్పిందని వీధంతా చాటింది. ఆ పొద్దు మానేసిన మాటలు ముప్పై ఏండ్లయినా మళ్లీ మొదలుపెట్టలేదు.

మా మనవరాలు శ్రావణి ఆదోనిలో కెమిస్ట్రీ చదువుతాది. పొయ్యి లేదు, కుండ లేదు, అంతా కంప్యూటర్లోనే. ఏది దేంతో కలిస్తే ఏ రంగొస్తాదో అదే లెక్కేసి చెప్తాదంట. చేతికి మరక కూడా అంటదు. ఏం చదువులప్పా!

"అవ్వా, నీ రంగు పద్ధతి చెప్పు. నెట్‌లో పెడ్తాం. ఓపెన్ డేటా. లోకంలో ఎవురైనా చూసుకోవచ్చు."

"తాళం లేకుండానా?"

"లేకుండానే. కంప్యూటర్లు కూడా చదువుకుంటాయి. ఒకరు పెట్టినదానికి ఇంకొకరు పెట్టినదాన్ని లంకె వేసి, రెండూ ఒకటేనా కాదా అవే తేలుస్తాయి."

"శానా బాగుంది. మనుషులకు పని తప్పింది."

మా రంగులోళ్లలో ఒక రివాజుంది. ఎవురడిగినా పద్ధతి చెప్తాం, ఒక్క సరుకు మాత్రం మార్చి చెప్తాం. పటికకు బదులు, రంగును నల్లబరిచే అన్నభేది అనమని ఆ చెవిలోనే నేర్పింది అత్త. మనవరాలైతే మాత్రం? అన్నభేది అన్నాను. కింద నా పేరు పెద్ద అచ్చరాలతో వేయమన్నాను. వేసింది బంగారు తల్లి.

మొన్న అవన్నీ చూపించే కాలేజీ మీటింగుకు పోతే ముందు వరసలో ఎవురు? నాగమ్మ! శ్రావణి దాన్ని కూడా అడిగిందంట. "ఇద్దర్నీ అడగాల కదవ్వా, రీసెర్చ్ అంటే" అంటాది. నా రక్తమే!

తెర మీద నా పేరు, పక్కన దాని పేరు, నడుమ ఒక గీత. గీత మీద "రెండూ ఒకటే, రెండింట్లోనూ అన్నభేదే" అని ఉందని శ్రావణి చదివింది. ఇంకా కింద: "ఈ పద్ధతికి ఎరుపు రాదు. నల్లటి ఊదా వస్తాది."

నాకు ఎరుపు రాదా? పైగా నేనూ, నాగమ్మా ఒకటా?

లేచినాను. మైకు గుంజుకున్నాను. "ఎవురే దానితో నన్ను జత కట్టింది? అన్నభేది కాదు నాది, పటిక! ముందు నూలును కరక్కాయ నీళ్లలో నానబెట్టాల. మూడు ఎండలు ఎండాల. అప్పుడు పటిక. ఆమీట చిరివేరు, మట్టికుండలో! రాసుకోండి!"

రాసుకున్నారు. ఫోన్లలో కూడా పట్టుకున్నారు. శ్రావణి టకటకా కొట్టింది. తెర ఎర్రగయింది! చప్పట్లు. దర్జాగా కూర్చున్నాను.

నాగమ్మ మెల్లిగా నా పక్క తిరిగింది. ముప్పై ఏండ్ల తర్వాత మొదటి మాట.

"వేపకొయ్య గరిటె మర్చిపోయినావక్కా."

గరిటె సంగతి అత్తకు, నాకు తప్ప ఎవురికీ తెలీదనుకుంటిని.

"చిన్నవ్వా, అయితే నీదీ మార్చాల్నా?" అని శ్రావణి అడిగితే, "అక్క అంతా చెప్పింది కదా పాపా, అదే నాది కూడా" అనింది. గీత అట్లే ఉండిపోయింది.

"నేను చెప్పిందన్నా నెట్‌లో నుంచి తీసెయ్‌వే" అంటే, "అప్పుడే ఎవురెవురో ఫోన్లలోకి దించుకున్నారవ్వా" అంటాది.

ముప్పై ఏండ్లు నేను ఎవురికి తెలీకూడదని నోరు కట్టుకున్నానో, ఆ ఒక్క మనిషికి మొదటి నుంచీ తెలుసు. తెలీని లోకానికంతా నేనే పిలిచి చెప్పొచ్చినాను.