గిలకలదిండి రేవులో ఐసు హాకీ

2024 చలికాలం. బందరు పక్కన గిలకలదిండి హార్బరులో మా ఐసు ఫ్యాక్టరీ. మా ఆయన పెట్టాడు. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. నేను చదివింది మూడో తరగతి. రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఇన్నేళ్ళ ఐసు వ్యాపారంలో నా మనసులో నిలిచిపోయిన సంగతి చేపలది కాదు, ఆటది.

ముందు ఐసు ఎలా తయారవుతుందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పొడుగాటి ఇనప డబ్బాల్లో మంచినీళ్ళు పోస్తాం. వాటిని క్యాన్లంటాం. క్యాన్లని బ్రైన్ ట్యాంకులోకి దించుతాం. బ్రైన్ అంటే ఉప్పునీళ్ళే, బాగా చల్లబరిచినవి. ఉప్పునీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి, క్యాన్లో మంచినీళ్ళు మాత్రం గడ్డకడతాయి. బోర్లిస్తే దిమ్మ జారి బయటికొస్తుంది. దాన్ని క్రషర్లో వేస్తే పొడి అయ్యి గొట్టంలోంచి బోటులోకి వెళ్తుంది. మిగిలిన దిమ్మల మీద గుడివాడ రైసు మిల్లుల ఊక తెచ్చి కప్పుతాం. పిడికెడు ఐసు నేలపాలు చేసినా పనివాళ్ళకి నా నోటి నుంచి తప్పించుకునే దారి లేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. ముప్ఫై లోపే ఉంటుంది. మేమంతా చెవులకి గుడ్డలు కట్టుకుని కూర్చుంటే ఆ పిల్ల నుదురంతా చెమట.

"మామ్మగారూ, ఒక దిమ్మ కావాలి. కొట్టకూడదు," అంది. తెలుగు ఇంకా కుదురుకోలేదు.

"ఏం చేపలు తల్లీ?"

"చేపలు లేవు."

"పెళ్ళా?"

"లేదు. ఊరికే."

"ఊరికే ఐసు కొనేవాళ్ళని నేనింతవరకు చూళ్ళేదు. అది కరిగిపోయే సరుకు, ఆటబొమ్మ కాదు."

డబ్బిచ్చాక కాదనలేం గదా. దిమ్మ తీయించాను. ఆ పిల్ల పక్కనున్న ఊక కుప్ప మీద చతికిలబడి, రెండరచేతులూ దిమ్మకి ఆనించి కళ్ళు మూసుకుంది. పుట్టింటి తలుపు మీద చేతులు పెట్టుకుని నిలబడ్డట్టు అనిపించింది నాకు. కాసేపటికి లేచి, "అయిపోయింది. మీరే తీసుకోండి, చేపలకి," అని వెళ్ళిపోయింది. పాడు చెయ్యకుండా తిరిగిచ్చేసింది, అక్కడ నచ్చింది నాకు.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ మళ్ళీ వచ్చింది. పేరు ఆంగ్మో. లద్దాఖు కొండల్లో పుట్టింది. మొగుడు పోర్టు పనుల్లో ఇంజనీరు. మా రేవులో ఆంగ్మో అనేది ఎవరి నోటా తిరక్క రెండో వారానికల్లా గంగమ్మ అయి కూర్చుంది. బోట్లు కదిలే ముందు మొక్కే తల్లి పేరు, ఇక దానికి తిరుగులేదు.

ఆమె కథ నాకు తెలిసింది ఏడుకొండలు వల్ల. దివిసీమ మనిషి, నాగాయలంక వైపు. బోటు నడిపే సరంగు. కొన్నేళ్ళు గుజరాతు రేవుల్లో చేపల వేట చేసొచ్చాడు గనక హిందీ వచ్చు. ఐసు ఎక్కించుకునే వంతు కోసం మా షెడ్డులో కూర్చుని మాట్లాడి మాట్లాడి అంతా రాబట్టాడు.

వాళ్ళ ఊళ్ళో చలికాలం చెరువు గడ్డకట్టుకుపోతుందట. బూట్లకి కత్తుల్లాంటి ఇనప పట్టీలు కట్టుకుని, వంకర కర్రలతో ఒక నల్లటి రబ్బరు బిళ్ళని కొట్టుకుంటూ ఆడతారట. అదే ఐసు హాకీ. ఆ బిళ్ళని పక్ అంటారు. ఆంగ్మో గోలు ముందు నిలబడేదట. పెళ్ళయ్యాక మానేసింది. మానేయమని ఎవరూ అనలేదు, ఆడమనీ ఎవరూ అనలేదు. ఇప్పుడు చెల్లెలు డోల్మా ఆడుతోంది. ఆ ఏడు కొత్తగా జట్లు కట్టి, జీతాలిచ్చి ఆడిస్తున్నారు, టీవీలో చూపిస్తున్నారు. కానీ నడిపేవాళ్ళు ముందే చెప్పేశారట. ఆడపిల్లల ఆటలు జనం చూస్తేనే వచ్చే ఏడూ ఉంటాయి, లేకపోతే మగపిల్లలవి మాత్రమే. జీతం ఆగిపోతే డోల్మా కర్ర మూల పడేసి హోటల్లో పనికి చేరాలి.

"మీ షెడ్డులో టీవీ ఉంది మామ్మగారూ. రోజూ అంతమంది కూర్చుంటారు. ఒక్క ఆట పెట్టండి," అని అడిగింది గంగమ్మ.

ఏడుకొండలు నవ్వాడు. "మన గిలకలదిండి చూసిందని ఆ కొండమీద లెక్కలోకి వస్తుందా చెల్లెమ్మా?"

"రాకపోతే రానీ అన్నా. ఎవరో ఒకరు చూడాలి."

సరేనన్నాను. ఆ వారమే ఒక ఆట పెట్టాం. ఏం చెప్పను, పరువు పోయింది.

"బంతేదిరా?" అన్నాడొకడు.

"అదిగో, ఆ నల్లది."

"అది టీవీ మీద వాలిన ఈగ కాదూ!"

"అందరూ తలకి టోపీలు, మొహానికి జాలీలు. ఎవరి తరఫున అరవాలిరా?"

"అంత ఐసు కింద పరిచారు! మన బోట్లన్నిటికీ వారం సరిపోను. మామ్మగారు చూస్తే గుండాగిపోద్ది."

నా గుండె నిజంగానే కలుక్కుమంది, అబద్ధమెందుకు. ఇంతలో ఎవరో రిమోటు నొక్కి సినిమా పెట్టేశారు. గంగమ్మ మాత్రం టీవీకేసి అలాగే చూస్తూ కూర్చుంది, ఆట ఇంకా నడుస్తున్నట్టే.

ఆ చూపు నన్ను నిద్రపోనివ్వలేదు. మా హార్బరులో చేపల పాట రోజూ చూస్తాను. పాటంటే వేలం. గంప దూరంగా పెట్టి ఎంత గొప్ప చేపో చెప్పినా ఎవరూ పాట పాడరు. మొప్ప ఎత్తి చూడాలి, వేలితో నొక్కి చూడాలి. చేత్తో తడిమిన మనిషే పోటీకి దిగుతాడు. మరి వీళ్ళు ఏం తడిమారని ఆ ఆట చూస్తారు?

మర్నాడు గంగమ్మని పిలిచి, "నేల మీద ఐసు పరిస్తే నువ్వు వీళ్ళకి ఆడి చూపిస్తావా?" అన్నాను. ఆ పిల్ల మొహం చూడాలి మీరు.

అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది. క్యాను చిల్లిపడి లోపలికి బ్రైన్ చేరిన దిమ్మలు కొన్నున్నాయి. ఉప్పు తగిలితే ఐసు మెత్తబడుతుంది, సరిగా అమ్ముడుపోదు. అవి పరిపించాను. గంగమ్మ సంచీలోంచి పక్ తీసి నెట్టింది. రెండు మూరలు జారి, బురదలో కాలు దిగబడ్డట్టు ఆగిపోయింది.

"ఇది రోగపు ఐసు మామ్మగారూ," అంది.

షెడ్డంతా గొల్లున నవ్వింది. నాకు పౌరుషం పుట్టుకొచ్చింది. మామూలు దిమ్మకి నడుమ తెల్లటి బూజులా ఉంటుంది, అది లోపల చిక్కుకున్న గాలి. క్యాన్లో నీళ్ళు గడ్డకట్టేటప్పుడు సన్న గొట్టంతో గాలి ఊదుతూ నీళ్ళని కదుపుతుంటే దిమ్మ అద్దంలా వస్తుంది. పెద్ద హోటళ్ళు అడిగితేనే ఆ పని చేస్తాం. ఈసారి ఆటకోసం చేయించాను. ఆపరేటరు నాకేసి అదోలా చూస్తే, "ఏంట్రా చూస్తావు? ఆడాక కడిగి క్రషర్లో వేస్తే చేపలు వద్దంటాయా?" అన్నాను.

ఊక మీద దిమ్మలు పక్కపక్కన పేర్చి, సందుల్లో నీళ్ళు పోసి, పైన ఐసు పొడి రాసి చదును చేశాం. విరిగిన తెడ్లు కర్రలయ్యాయి. చేపల ట్రే గోలు. గంగమ్మ చీర కొంగు బిగించి ట్రే ముందు వంగి నిలబడింది. అప్పటిదాకా నేను చూసిన నంగిరి పిల్ల కాదు, వేరే మనిషి.

"కొట్టన్నా!"

ఏడుకొండలు తెడ్డు ఊపాడు. పక్ ఎటో పోయింది, అతను వెల్లకిలా పడ్డాడు. లేచి మళ్ళీ కొట్టాడు. ఆమె కాలితో ఆపేసింది. ఇంకొకడు కొట్టాడు. అదీ ఆపేసింది. "ఆ మాడిన గారె ఇటు తోయండ్రా!" అని ఏడుకొండలు అరిచాడు. ఆ రోజు నుంచి మా రేవులో పక్ పేరు మాడిన గారె. చేపలమ్మే ఆడవాళ్ళు కూడా గంపలు దించి, చీరలు ఎగదోపుకుని వచ్చారు. ఎండ ఎక్కి ఐసు చెమ్మగిల్లేదాకా ఆడారు. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఒక్కసారి తోసి చూశాననుకోండి, అది లెక్కలోది కాదు.

తరవాతి ఆటకి షెడ్డులో చోటు చాల్లేదు. ఈసారి పక్ కనపడట్లేదని ఒక్కళ్ళూ అనలేదు. కనపడింది గనక కాదు. కర్ర ఎటు ఊగితే, మనిషి ఎటు వంగితే అదెటు పోతుందో వాళ్ళ చేతులకి తెలిసిపోయింది. ఆడేవాళ్ళు నిమిషం తిరక్కుండానే మారిపోతుంటే, "వల లాగేటప్పుడు మనం మారినట్టే" అనుకున్నారు. మోటుగా తోసిన పిల్లని పక్కన అద్దాల గదిలో శిక్షగా రెండు నిమిషాలు కూర్చోబెడితే చేపల సుబ్బులు ఒకటే మురిసిపోయింది. "మా ఆయనకీ ఇలాంటి గదొకటి కట్టించండి మామ్మగారూ, ఐసుతోనే కట్టించండి!"

"ఇందులో మీ చెల్లెలెవరు చెల్లెమ్మా? మొహాలే కనపడవు," అన్నాడు ఏడుకొండలు.

నాకు ఒళ్ళు మండింది. "సముద్రంలో ఎదురొచ్చే బోటు ఎవరిదో మొహాలు చూసే చెప్తావా?"

అతను టీవీ ముందుకి జరిగి కూర్చున్నాడు. కాసేపు చూసి, చెయ్యి చాపాడు.

"ఆ పిల్ల. ఎడమకి ఒరిగి వెళ్తోంది చూడండి, ఒక పక్కే వల వేసుకున్న బోటులాగా. తిరిగేటప్పుడు తల ముందు తిప్పుతోంది, గంగమ్మ తిప్పినట్టే. అదేనా?"

గంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తలూపింది. కళ్ళనిండా నీళ్ళు. "చిన్నప్పుడు ఎడమ కాలు విరిగింది. అప్పటినుంచి అలాగే," అంది.

అంతే. ఇక డోల్మా మా రేవు పిల్లయిపోయింది. డోల్మా ఐసు మీదికి దిగినప్పుడల్లా "ఎడమ బోటొచ్చింది!" అని కేకలు. వాళ్ళ జట్టు ఓడిపోయింది. అయినా ఐసు ఎక్కించుకోవటం మర్చిపోయి కూర్చున్నారు. క్రషరు ఖాళీగా తిరుగుతోందని నేను అరిచేదాకా ఎవరూ లేవలేదు.

చివరాఖరి ఆట నాడు వేటకి వెళ్ళాల్సిన కొన్ని బోట్లు కూడా ఆగిపోయాయి. టీవీ పెడితే పాత క్రికెట్టు. ఛానలు తప్పేమోనని అటూ ఇటూ తిప్పారు. కేబులు వాడికి ఫోను చేస్తే, "వాళ్ళే ఆపేశారండి, చూసేవాళ్ళు లేరట," అన్నాడు.

"మేం కూర్చున్నాం కదరా!" అన్నాను. వాడికేం తెలుసు పాపం.

గంగమ్మ ఫోను తీసింది. ఆట మాత్రం జరుగుతోందట. టీవీ వాళ్ళే లేరు. అక్కడ గంగమ్మ వాళ్ళమ్మ చెరువు గట్టు మీద నిలబడి, వీడియో కాల్లో ఫోను ఎత్తి చూపించింది. అరచేతంత బొమ్మ. ఆమె చెయ్యి చలికి వణుకుతుంటే బొమ్మా వణుకుతోంది, నడుమ నడుమ ఆగిపోతోంది. ఆ ఒక్క ఫోను చుట్టూ రేవంతా మూగింది. పక్ సంగతి దేవుడెరుగు, మనుషులే చీమల్లా ఉన్నారు. అయినా ఏడుకొండలు, "అదిగో, ఎడమకి ఒరిగింది!" అన్నాడు. అందరూ అరిచారు. నేనూ అరిచాను.

ఆట అయ్యాక డోల్మా ఫోను దగ్గరికొచ్చి టోపీ తీసింది. ఎర్రటి బుగ్గలు, నోట్లోంచి పొగలు. అప్పుడే మొదటిసారి మొహం చూడటం. ఏదో అడిగింది.

"ఈ అరిచేవాళ్ళంతా ఎవరు అంటోంది," అంది గంగమ్మ.

ఏడుకొండలు ఫోను ముందుకి వంగాడు. "చూసేవాళ్ళమని చెప్పు చెల్లెమ్మా."

ఆ తరవాతి ఏడు ఆడపిల్లల ఆటలు లేవు. డోల్మా హోటల్లో చేరిందట. గంగమ్మ మొగుడికి వేరే పోర్టుకి బదిలీ అయింది. జనవరి రాగానే, "మామ్మగారూ, ఎడమ బోటు ఆట ఎప్పుడు?" అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఐసు వంతు చూసుకోండని కసురుతుంటాను.

ఆ ఆటని నడిపేవాళ్ళకి జనం కావాలట, ఎలా వస్తారా అని పెద్దపెద్దవాళ్ళు తల బద్దలు కొట్టుకుంటున్నారట. ఐసు అమ్ముకునేదాన్ని, నాకు తెలిసింది చెప్తాను. సముద్రం ఉన్న ప్రతి రేవులో ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంటుంది. అక్కడికి రండి. నాలుగు మంచి దిమ్మలు పరిచి, పక్ ఒకసారి తొయ్యనివ్వండి. ఆ తరవాత ఒక్క మనిషిని చూపించండి, నడక గుర్తుపట్టేదాకా చూపించండి. చాలు, జనం వాళ్ళే వస్తారు. కొంచెం ఆలస్యంగా వస్తారు, అంతే. వాళ్ళొచ్చేదాకా ఆట ఆపకండి.