నా పేరు పెట్టుకున్న రాయి

నా చిన్నప్పుడు నాచారంల మాది రేకుల ఇల్లు. కాకి వచ్చి వాలినా ఇంట్ల దడేల్‌మని చప్పుడయ్యేది. గసుంటి ఇంట్ల ఉంటూ, ఆకాశంకెళ్ళి బండ పడ్తదని నమ్మినదాన్ని నేను. నవ్వకుండ్రి, అప్పుడు నాకు ఎనిమిదేండ్లు.

పక్కింటి అక్క ఉప్పల్ల ఒక సైన్సు ఆఫీసుల లెక్కలు కట్టేది. ఆదివారం వాకిట్ల కూసుంటే, కాయితాలు ఎగిరిపోకుండ నేను అదిమి పట్టుకునేదాన్ని. అంగారకుడికీ గురుడికీ నడుమ తిరిగే రాళ్ళల్ల ఒకదాని దారి ఆమె లెక్కకట్టిందట. దాన్ని కనిపెట్టిన పెద్దసారు మెచ్చుకొని, పేరు నువ్వే చెప్పమన్నడట. అక్క నా పేరు చెప్పింది. వాడకట్టంత మురిసింది. నాకు మాత్రం భయం పట్టుకున్నది.

ఎందుకంటే దీపం పెట్టినంక మా నాయనమ్మ పామును పామని అననిచ్చేది కాదు, పురుగనాలె. పేరు పెట్టి పిలిస్తే ఇంటికొస్తదని ఆమె మాట. మరి ఆ రాయికి నా పేరే పెట్టిరి! అమ్మ నన్ను పిలిస్తే ఉరికిపోయి ఆమె నోరు మూసేదాన్ని. బడిల హాజరు పిలిస్తే పలకకపోతుంటి. పలికితే రాయికి నా జాడ దొరుకుతదని భయం. ఐదో రోజు సారు, రేపు పలకకుంటే పేరు కొట్టేస్తనన్నడు. కొట్టేస్తే పీడ పోతదనిపించింది, బడి పోతదని ఏడుపూ వచ్చింది.

సంగతి తెలిసి అక్క నన్ను ఒళ్ళె కూసోబెట్టుకున్నది. "మీ తమ్మునికి పుట్టంగనే పేరు పెట్టిన్రా?" అని అడిగింది. లేదు, ఇరవై ఒకటో రోజు తొట్టెలల ఏసినప్పుడు పెట్టిన్రన్న.

"రాయికి గూడ గంతే పిచ్చిదానా! కనవడంగనే వట్టి నెంబరే ఇస్తరు. ఏండ్లకేండ్లు సూసి, ఏ దినం యాడుంటదో లెక్క తేలినంకనే పేరు. పేరున్నదాని దారి మాకు ఎరుకే. నీ రాయి ఇటు రానే రాదు. భయపడితే, ఇంకా పేరు లేనివాటికి భయపడు."

తెల్లారి బడిల నా పేరు పిలిస్తే, కండ్లు గట్టిగ మూసుకొని "హాజర్ సార్" అన్న. అదే ఘడియల బడి రేకుల మీద కాకి వాలిందో ఏమో, టప్పుమన్నది. బల్ల కిందికి దూరిన. అందరూ ఒకటే నవ్వుడు.

ఇన్నేండ్లకు మొన్న ఏఎస్ రావు నగర్‌ల దవాఖానకు పోతే, నా రిపోర్టులు చూసి డాక్టరమ్మ మా బిడ్డను పక్కకు పిలిచింది. అప్పటికెళ్ళి ఇంట్ల అందరూ "గా రోగం" అంటరు తప్ప పేరెత్తరు. ఆఖరికి నేనే పోయి, "దాని పేరేందో చెప్పుండ్రి డాక్టరమ్మా" అని అడిగిన. చెప్పింది. ఎన్ని నెలలు మందు, ఎప్పుడు ఎట్లుంటదో అంతా చెప్పింది. భయం పోయిందని అబద్ధమాడను. కానీ నర్సమ్మ లోపలి నుంచి నా పేరు పిలిచినప్పుడు, కండ్లు తెరుచుకొనే "హాజర్" అన్న.