కుర్చీకి మొక్కిన మనిషి

మా వాడలో సినిమా తీశారంటే మెట్‌పల్లి దాటితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పీడా పోయింది. అందులో పోలీసు చొక్కాలు కుట్టింది నేనే. నన్ను వాడంతా టైలర్ అనసూర్య అంటారు. ముగ్గురు పోలీసులకని తెచ్చిన ఖాకీ బట్ట ఇద్దరికే సరిపోయింది. అందుకే ఆ సినిమాలో మూడో పోలీసు మొదటి నుంచి చివరిదాకా గళ్ల చొక్కాలోనే తిరుగుతాడు. అన్నదమ్ములు, అడవి దొంగతనం, జైలు, కన్నీళ్లు, అదీ కథ. దానికి పేరు కూడా ఒకటికి రెండుసార్లు మార్చారు. ఆఖరికి పెట్టిన పేరును నేను నా నోటితో పలకను.

నాకు చెప్పాలని ఉన్నది సినిమా గురించి కాదు, హనుమండ్లు గురించి. మా ఎదురింటి మనిషి. పసుపు పండిస్తాడు. ఎవరికి ఆపద వచ్చినా ముందుగా కనబడేది ఆయనే. ఎవరింట్లో శుభకార్యమైనా గోడకు ఆనుకొని అందరికన్నా వెనక నిలబడేదీ ఆయనే. జైలుకు పోయి వచ్చినవాడు కదా, ఎవరూ పొమ్మనకముందే తానే పక్కకు జరిగేవాడు.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఉట్నూర్ రూట్లో జీపు నడిపేవాడు. అడవి ఊళ్లవాళ్లు సంతకు పోవాలన్నా, కాన్పుకు పోవాలన్నా ఆ జీపే. ఒక ఎండాకాలం అదే జీపు టేకు దుంగలేసుకొని చెక్‌పోస్టు దగ్గర ఆపకుండా దూసుకుపోయింది. అడ్డం వచ్చిన ఫారెస్టు వాచర్ కాలు నుజ్జునుజ్జయింది. తెల్లారి హనుమండ్లే స్టేషన్‌కు పోయి, నడిపింది నేనే అని చెప్పాడు. శిక్ష పడింది.

నడిపింది ఆయన కాదు, తమ్ముడు కరుణాకర్. దుంగలూ కరుణాకర్‌వే. అతనికి అప్పుడే కొత్తగా పెళ్లయింది, దుబాయి వీసా చేతిలో ఉంది. తల్లి కిష్టవ్వ పెద్దకొడుకు చేతులు పట్టుకొని, "నువ్వు పెద్దోనివి బిడ్డా, నువ్వు ఓర్చుకుంటవు. చిన్నోడు జైల్ల బతుకడు" అన్నదట. ఈ ముచ్చట కిష్టవ్వే మంచం పట్టినప్పుడు నాకు చెప్పింది. చెప్పి, ఎవరితోనూ అనవద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. కడుపులోది కక్కేసి ఆమె హాయిగా పోయింది, అజీర్తి నాకు పట్టుకుంది.

హనుమండ్లు జైల్లో ఉండగానే ఆయన తండ్రి పోయాడు. అసలు సంగతి ఆ ముసలాయనకు తెలియదు. పెద్దకొడుకు దొంగయ్యాడన్న దిగులుతోనే కన్ను మూశాడు. పెద్దకొడుకు పెట్టాల్సిన తలకొరివి కరుణాకర్ పెట్టాడు. తండ్రి కూర్చున్న చేతుల కుర్చీ ఇప్పటికీ హనుమండ్లు ఇంటి అర్రలో ఉంది. అందులో ఎవరూ కూర్చోరు. దసరా నాడు జమ్మి తెచ్చుకున్నాక మొదటి ఆకు ఆ కుర్చీలో పెట్టి హనుమండ్లు మోకాళ్ల మీద వంగి మొక్కుతాడు. ఆ తర్వాతే మిగతా వాళ్లకు.

ఇంతకన్నా పెద్ద దెబ్బ కూతురి రూపంలో తగిలింది. తల్లి పురిట్లోనే పోయిన పిల్ల సృజన. తండ్రి జైలుకు పోతే మంచిర్యాలలో మేనమామ ఇంట్లో పెరిగింది. బడిలో దొంగ బిడ్డ అన్నారు, కాలేజీలోనూ అన్నారు. ఆమెకు తండ్రి మీద మనసు విరిగిపోయింది. పెళ్లిలో కరుణాకర్ దంపతులు పీటల మీద కూర్చొని కాళ్లు కడిగి కన్యాదానం చేస్తే, హనుమండ్లు ఎప్పటిలాగే గోడకు ఆనుకొని చూశాడు. పండుగకు ఒక ఫోను, అంతే ఆ తండ్రీ కూతుళ్ల మాటలు.

దుబాయి నుంచి వచ్చాక కరుణాకర్ ప్రతి దసరాకూ జమ్మి తెచ్చి అన్న చేతిలో పెట్టి కాళ్లు మొక్కేవాడు. మొక్కుతూ, "సృజనకు నేనే చెప్త అన్నా. పెండ్లి గానీ" అనేవాడు. పెళ్లయింది. "జర అత్తగారింట్ల కుదురుకోనీ" అన్నాడు. కుదురుకుంది. ఇక ఏ సాకూ మిగలని ఏడాది అతని కొడుకు రాకేశ్ కెమెరా పట్టుకొని దిగాడు.

కరుణాకర్ స్వయంగా అన్న ఇంటికి వచ్చాడు. నేను బట్టలు ఇవ్వడానికి పోయి అక్కడే ఉన్నాను.

"అన్నా, మన కథే తీస్తుండు పోరడు. నా నోటితోని చెప్పలేనిది తెర మీద చెప్పిస్త. సృజనను పిలువు. అందరి నడుమ చూస్తది" అన్నాడు.

హనుమండ్లు మొహం చూడాలి అప్పుడు. "నిజమే తీస్తుండా తమ్మీ?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

"గా ఫికర్ నీకెందుకే? నేనున్న గదా" అన్నాడు కరుణాకర్.

ఆయన ఇల్లిచ్చాడు. మూలకున్న జీపు తుడిచి ఇచ్చాడు. పసుపు చేలో పని మానుకొని, వచ్చిన పిల్లలకు అన్నం వండి పెట్టాడు. వయసులో ఉన్న అన్నదమ్ముల వేషాలు రాకేశ్ దోస్తులు కట్టారు. పెద్దయ్యాక వచ్చే ముక్కలకు అన్నదమ్ములిద్దరూ తమ వేషాలు తామే వేశారు. కథ మాత్రం రాకేశ్ ఎవరికీ చెప్పలేదు. చెబితే యాక్టింగ్ చెడిపోతుందట.

ఒక మధ్యాహ్నం ఆ కుర్చీ ముందు కెమెరా పెట్టారు. ఎండ లోపలికి తిప్పడానికి నా చేతికి తెల్ల థర్మాకోల్ అట్ట ఇచ్చారు. రాకేశ్ హనుమండ్లు చేతిలో జమ్మి ఆకు పెట్టి, "పెద్దబాపు, ఏటేటా తాతకు మొక్కుతవు గద, గట్లనే మొక్కు. తాత పోయినప్పుడు నువ్వు జైల్ల ఉన్నవు. అది యాది చేసుకొని మాట్లాడు" అన్నాడు.

హనుమండ్లు ఆకు కుర్చీలో పెట్టి మోకాళ్ల మీద వంగాడు. "తప్పయింది. నన్ను మన్నించు. నన్ను మన్నించు బాపూ, నీ కొరివికి అందకపోతి" అంటూ కుర్చీ కాళ్లు పట్టుకొని వలవలా ఏడ్చాడు.  రాకేశ్ ఆపమన్నా చాలాసేపు ఆయన లేవలేదు. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి.

బతుకమ్మ రోజుల్లో కరుణాకర్ కట్టించిన ఫంక్షన్ హాల్లో తెర కట్టారు. మునిసిపల్ ఎన్నికల్లో వార్డుకు నిలబడాలని అతను అప్పటికే తెల్లబట్టలు వేసుకోవడం మొదలుపెట్టాడు. సగం ఊరు వచ్చింది. తెర మీద తమ బర్రె కనబడితే ఎవరో ఈల వేశారు. మంచిర్యాల నుంచి సృజన భర్తతో వచ్చి ముందు వరుసలో కూర్చుంది. హనుమండ్లు ఆ రోజు గోడకు ఆనుకోలేదు. నా పక్కన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. నాతో కుట్టించుకున్న కొత్త చొక్కా వేసుకున్నాడు.

తెర మీద జీపు వచ్చింది. నడుపుతున్నవాడు అన్న వేషం కట్టినవాడు. తాగి ఉన్నాడు. పక్కన తమ్ముడు వేషం వాడు వద్దన్నా వద్దన్నా అని కాళ్లావేళ్లా పడుతున్నాడు.  హనుమండ్లు వైపు చూశాను.

"ఇంక ఉన్నది చెల్లే, ఇంక ఉన్నది. ఆఖరుకు చెప్తరు" అన్నాడు మెల్లగా.

ఆఖరు వచ్చింది. తమ్ముడు దుబాయి ఎండలో మాడి ఇంటిని నిలబెడతాడు. దసరా పండుగ. ఆ కుర్చీ తెర మీదికి వచ్చింది. అందులో తెల్లబట్టలతో కరుణాకర్ కూర్చున్నాడు. మరుక్షణం హనుమండ్లు మొహం, చేతిలో జమ్మి, మోకాళ్ల మీద వంగడం, "తప్పయింది. నన్ను మన్నించు" అన్న ఏడుపు. బాపూ అన్న మాట దగ్గర కోసేశారు. మళ్లీ కరుణాకర్ మొహం, కళ్లనిండా నీళ్లు, అన్నను లేపడానికి చాచిన చేతులు. వేరే ఎప్పుడో, మేమెవరం లేనప్పుడు, అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి తీశారు. మా దగ్గర అన్న వచ్చి తమ్ముడి కాళ్లు మొక్కడమంటే బతికుండగా తల తీసి కింద పెట్టడమే. హాలంతా చప్పట్లు. దొంగ ముండాకొడుకులు. కత్తెర నా చేతిలోనూ ఉంటుంది, నేను బట్టను కోస్తాను, మనిషిని కోయను.

నేను లేచాను. నా ఒట్టూ వద్దు, గట్టూ వద్దు అనుకొని నోరు తెరిచాను. హనుమండ్లు నా కొంగు పట్టుకొని ఆపాడు. ఎందుకంటే అప్పటికే సృజన మా వైపు వస్తోంది. వచ్చి తండ్రి రెండు చేతులూ పట్టుకొంది.

"ఇన్నేండ్లకు తప్పు ఒప్పుకున్నవు బాపూ. నాకు గంతే చాలు. నేను మాఫ్ చేసిన. పండుగకు ఇంటికొస్త" అంది.

అంత పెద్దయ్యాక ఆమె ఆయనను ముట్టుకోవడం అదే మొదలు.  ఆయన ఆ చేతుల వైపే చూస్తూ ఉండిపోయాడు.

జనం పలచబడ్డాక కరుణాకర్‌ను స్తంభం పక్కన నిలబెట్టి హనుమండ్లు అడిగాడు. "నేను బాపుకు మొక్కిన గదరా."

"సినిమ అన్నంక అటు ఇటు ఉంటది అన్నా. బిడ్డ నీ దగ్గరికి వచ్చింది, ఇంకేం గావాలె? ఇప్పుడు నువ్వొకటి చెప్తే మల్ల పోతది. సోచాయించు" అన్నాడు కరుణాకర్, వచ్చేపోయేవాళ్లకు నమస్కారాలు పెడుతూనే. రాకేశ్ పక్కనే ఉన్నాడు. "బాపు చెప్పిన కథే తీసిన పెద్దబాపు" అని సెల్లులోకి తలదించుకున్నాడు.

అన్నట్టే సృజన సద్దుల బతుకమ్మకు వచ్చింది. ఇల్లు అలికింది, తండ్రికి వండి పెట్టింది. ఆయన తింటున్నాడు గానీ ముద్ద దిగడం లేదు. ఆమె నవ్వితే నవ్వుతాడు, ఆమె అటు తిరగగానే ఆ కుర్చీ వైపు చూస్తాడు. ఎన్నడూ చేయని తప్పుకు దొరికిన మన్నింపు అది, తినగా తినగా చేదెక్కుతోంది.

దసరా సాయంత్రం కరుణాకర్ జమ్మి పట్టుకొని వచ్చాడు. వెనకే రాకేశ్ సెల్లులో వీడియో తీస్తూ వచ్చాడు. నేను అప్పుడే నా ఆకు పెట్టడానికి వచ్చి సృజన పక్కన నిలబడి ఉన్నాను. కరుణాకర్ అన్న చేతిలో పెట్టబోతే హనుమండ్లు చెయ్యి చాచలేదు.

"ముందుగాల బాపుకు పెట్టు" అన్నాడు.

కరుణాకర్ నవ్వుతూ ఆకు కుర్చీలో పెట్టాడు.

"చెయ్యి తియ్యకు. బాపు కుర్చీ మీద చెయ్యి పెట్టి చెప్పు తమ్మీ. ఆ దినం బండి ఎవలు నడిపిండ్రు?"

కరుణాకర్ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. "పండుగ పూట గిదేం ముచ్చటే?" అన్నాడు. చెయ్యి మాత్రం కుర్చీ మీద నుంచి తీసేశాడు. సెల్లు దించమని కొడుకును కసిరాడు. అన్న కాళ్లు మొక్కకుండానే బయటికి నడిచాడు. అలా వెళ్లడం అదే మొదటిసారి.

సృజన నా వైపు తిరిగింది. "అత్తా, నీకెరికేనా?"

"ఎరికే బిడ్డా" అన్నాను. కిష్టవ్వకు వేసిన ఒట్టు కిష్టవ్వతోనే పోయింది.

"బండి నువ్వు నడుపలేదా బాపూ?"

"లేదు బిడ్డా."

"మరి నేను మాఫ్ చేసిన అన్ననాడు ఎందుకు ఊకున్నవు?"

"మల్ల పోతవని."

ఆమె తండ్రి ఎదుటికి వచ్చి నిలబడింది.  "నన్ను దొంగ బిడ్డ అంటే మామ ఇంట్ల దుప్పట్ల మొఖం పెట్టుకొని ఏడ్చేదాన్ని. నీ తమ్ముడు జైల్ల బతుకడని చూసినవు. నీ బిడ్డ బయట ఎట్ల బతుకుతదో చూసినవా?"

 ఇన్నేళ్లుగా తమ్ముడు హనుమండ్లుకు చేసిన అన్యాయమే నేనూ లెక్కబెట్టుకుంటూ వచ్చాను. ఆ పిల్ల చెప్పేదాకా, ఆయన ఆమెకు చేసింది నా కంటికీ ఆనలేదు.

ఆమె వెళ్లిపోతుందనుకున్నాను. పోలేదు. ఆకు తీసి పక్కన పెట్టి, ఎవరూ కూర్చోని ఆ కుర్చీలో కూర్చుంది. "మొదటి సంది ఆఖరుదాకా చెప్పు" అంది. హనుమండ్లు ఆమె ఎదుట నేల మీద మోకాళ్లు ఆనించి, "తప్పయింది. నన్ను మన్నించు బిడ్డా" అని మొదలుపెట్టాడు.