గంటసేపు తిరగవలసిన పంపు

పంపుల కర్మాగారంలో పరీక్ష గది ఆవిడది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి పంపునూ నీళ్ళతొట్టిలో దించి, గంటసేపు తిప్పి, చెవి ఒగ్గి విని, ఆ తరవాతే పుస్తకంలో సంతకం పెట్టేది. అందుకే అందరికీ గంటమ్మ అయింది. ఇంట్లో భర్తా అలాగే పిలిచేవాడు. కాకపోతే ఆవిడకు వినపడనంత దూరం నుంచి.

ఆ ఏడు కంపెనీ తన పెద్ద ఉద్యోగులకు జీతంతోపాటు షేర్లు కూడా ఇచ్చింది. నాదన్న మమకారం పుడితే లాభాలు వాటంతటవే వస్తాయని సిద్ధాంతం. మమకారం నిజంగానే పుట్టింది. మేనేజరు నేలమీది బోల్టును వంగి తీసి, తుడిచి, స్టోరులో అప్పగించి రసీదు అడిగేవాడు. ఖాళీ గదుల్లో ఫ్యాన్లు ఆగాయి. మనుషులున్న గదుల్లోనూ కొన్ని ఆగాయి. లాభం పెరిగింది. అబద్ధమెందుకు, గంటమ్మ కూడా మెచ్చుకుంది.

ఆపడానికి ఫ్యాన్లు అయిపోయాక మేనేజరు చూపు నీళ్ళతొట్టి మీద పడింది.

"ఇకనుంచి పావుగంట చాలమ్మా. నెలాఖరుకి రెండువేల పంపులు బయటికెళ్ళాలి."

"పావుగంటలో వాషరు వేడే ఎక్కదు సార్. కారేవన్నీ నలభై నిమిషాలు దాటాకే బయటపడతాయి."

"నాకు మాత్రం కంపెనీ మీద ప్రేమ లేదా? నా పేరున షేర్లున్నాయి. ఇది మునిగితే నేనూ మునుగుతాను."

"అవి ఎప్పుడు అమ్ముకోవచ్చు సార్?"

"రెండేళ్ళు ఆగాలి. ఎందుకు?"

"పంపుకి మనమిచ్చే గ్యారంటీ అయిదేళ్ళు. మిగతా మూడేళ్ళు మీరు ఒడ్డున కూర్చుంటారు. మునిగేది మేం."

"షేర్ల సంగతి మీకేం తెలుసు?"

పక్కనే మోటారుకు తీగ చుడుతున్న, అందరూ బాబాయ్ అని పిలిచే ముసలి పనివాడు తలెత్తకుండానే అందుకున్నాడు. "ఆవిడకేం తెలుసు సార్, పాపం. అయిదులోంచి రెండు తీసెయ్యడం తప్ప."

మేనేజరు మొహం కందగడ్డయింది. "సంతకం పెట్టకపోతే రేపట్నించి ప్యాకింగులో ఉంటారు!"

"ఉంటాను. అట్టపెట్టెలు నన్నేం కరవవు. ఇదిగో పుస్తకం. పరీక్షించినవారు అన్నచోట మీరే పెట్టండి, అంత ప్రేమున్నప్పుడు."

ఆయన ఆస్తి రాసిచ్చేవాడంత గంభీరంగా కలం మూత తీశాడు. ఆ గడిని చాలాసేపు చూశాడు. మూత పెట్టేసి, "పైవాళ్ళతో మాట్లాడాలి" అంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు గంటమ్మ ప్యాకింగులో ఉంది. పరీక్ష గదికి కొత్తగా పంపినవాళ్ళు పావుగంట చొప్పున పంపులు తిప్పారు గానీ, సంతకం దగ్గర అందరికీ చెయ్యి నొప్పి వచ్చింది. సంతకంలేని పంపుకి గంటమ్మ గ్యారంటీ కార్డు పెట్టలేదు. కార్డులేని పెట్టెను లారీవాడు ఎక్కించుకోలేదు. మూడో రోజుకి పెట్టెలు వరండా దాకా పేరుకున్నాయి.

"ఏంటమ్మా ఈ మొండితనం?" మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"మీ పావుగంటలో తేలి ఉంటే, వీటిలో కారేది ఏదో చూపించండి సార్. దాన్నొక్కదాన్నే ఆపుతాను" అంటూ గంటమ్మ ఇంకో పెట్టె పక్కకు తోసింది.