కరెంటు పోయిన అరగంట

ఈ రోజు జడ్చర్లలో, మా చిన్న ఆఫీసులో జరిగింది. మేము రాసిన ప్రోగ్రాం రైస్ మిల్లు కాంటా దగ్గర వడ్ల బరువు సున్నా అని చీటీ ఇవ్వడం మొదలుపెట్టింది. లారీలు ఆగిపోయాయి. మిల్లు నుంచి ఒకటే ఫోన్లు. నాతో పనిచేసే స్వప్న ఒక్కో లైను మార్చి నడిపి చూస్తోంది. అలా పదకొండు సార్లు చూశాక కరెంటు పోయింది.

“ఇగ ఏం జేద్దామన్నా?”

“కాగితం తీస్కో. లారీ వచ్చిన కాడికెల్లి ఏమైతదో ఒక్కొక్కటి రాయి.”

ఐదో లైను దగ్గర ఆమె పెన్ను ఆగింది. “అరె! నిండు లారీ బరువు మీదనే ఖాళీ లారీ బరువు రాస్తున్నం! రెండూ ఒకటే అయితే తీసేస్తే సున్నానే గదా! గీ కాగితం ముచ్చట ముందే చెప్పొద్దా అన్నా?”

“కరెంటు ఉంటే ఇంటవా నువ్వు?”

కరెంటు వచ్చాక ఒక్క లైను మారిస్తే లారీలు కదిలాయి.

నేను ఇక్కడి నెట్ సెంటర్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న రోజుల్లో, మా ఊరి ఆఖరి బస్సుకు ముందు అరగంటే కంప్యూటర్ దొరికేది. అందుకని వచ్చేటప్పుడు బస్సులోనే ప్రోగ్రాం మొత్తం నోటుబుక్కులో రాసుకుని దిగేవాడిని.

స్వప్నకు చెప్పలేదు గానీ, కరెంటు పోకపోతే పన్నెండోసారి నడిపి చూడమనేవాడిని నేనే. మీరు చివరిసారి కాగితం తీసింది ఎప్పుడు?